అగ్గిపెట్టెలో ఉన్న చక్రం

చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో వాచీ చప్పుడు వినిపిస్తే, "బ్యాటరీ లేకుండా ఎలా నడుస్తుంది తాతయ్యా? అంతా నువ్వే చేశావా?" అని అడిగారు కదా. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. అంతా నేనే చేయలేదు. కేసు, డయలు, ముళ్ళు, ఇత్తడి ప్లేట్లు, పళ్ళ చక్రాల్లో రెండో మూడో నావి. స్ప్రింగులూ, చక్రాల ఇరుసులు అరిగిపోకుండా వాటి కింద పెట్టే కెంపు రాళ్ళూ మాత్రం కొన్నాను. కెంపులంటే కంగారు పడకండి, అవి ఫ్యాక్టరీలో చేసినవి, చవకే. వెంట్రుక కంటే సన్నగా ఉండే హెయిర్ స్ప్రింగును ఇంట్లో చేద్దామనుకోవడం నా వయసుకు అత్యాశ.

ఇక మొదటి ప్రశ్న. కీ ఇస్తే వాచీని నడిపే మెయిన్ స్ప్రింగు బిగుసుకుంటుంది. అలాగే వదిలేస్తే సర్రున విప్పుకుని క్షణాల్లో ఖాళీ అయిపోతుంది. ఆ బలాన్ని ఒక రోజుకు పైగా సరిపెట్టాలంటే దాన్ని ఆపి ఆపి వదలాలి. అందుకే చక్రాల వరస చివర 15 పళ్ళున్న చిన్న చక్రం ఒకటి ఉంటుంది. రెండు రాళ్ళు పొదిగిన ఒక కొంకి దాని పన్నుకు అడ్డుపడుతుంది. పక్కనే బ్యాలెన్స్ వీల్ అనే చక్రం అటూ ఇటూ ఊగుతూ ఆ కొంకిని తడుతుంది. ఒక పన్ను జారుతుంది, జారుతూ బ్యాలెన్స్ వీల్‌ను కాస్త తోస్తుంది, వెంటనే ఇంకో పన్ను వచ్చి రాయికి కొట్టుకుని ఆగుతుంది. ఉయ్యాలను తోస్తూ ఉంటాం చూడండి, అలా. మీరు విన్న టిక్ టిక్ ఆ దెబ్బలే. నా వాచీలో సెకనుకు 5, రోజుకు 4,32,000. వెళ్ళిన బ్యాలెన్స్ వీల్‌ను వెనక్కి లాగేది హెయిర్ స్ప్రింగు. 1675లో హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త చుట్టల స్ప్రింగుతో వాచీ చేయించాడు. వాచీలు నమ్మదగ్గవి అయింది ఆ తర్వాతే.

ఇప్పుడు నా తెలివితక్కువ పని చెబుతాను, నవ్వకండి. నిమిషాల ముల్లు తిప్పే చక్రం గంటకు ఒక్క చుట్టు తిరగాలి, సెకన్ల ముల్లుది 60 చుట్లు. మొదటి చక్రానికి 80 పళ్ళు, అది తిప్పే బుల్లి చక్రానికి 10, అంటే 8 రెట్లు. ఆ బుల్లి చక్రం ఇరుసుకే 75 పళ్ళ చక్రం, అది మళ్ళీ సెకన్ల ముల్లుండే 10 పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది, 7.5 రెట్లు. ఎనిమిదిని ఏడున్నరతో గుణించండి. సరిగ్గా 60!

ఆ 80 పళ్ళు సమానంగా కోయడానికి ఒక పొడుగాటి కాగితం పట్టీ మీద సమాన దూరాల్లో 80 గీతలు గీసి, కోసే చక్రంతో పాటే తిరిగే పెద్ద డిస్కు చుట్టూ అంటించాను. మొదటి గీత మీదికే చివరి గీత వచ్చింది. చక్కగా అతికిందని మురిసిపోయాను కూడా. ఒక్కో గీత దగ్గర డిస్కు ఆపుతూ పళ్ళు కోశాను. వాచీ బిగిస్తే బ్రహ్మాండంగా నడిచింది, కానీ నిమిషాల ముల్లు గంటకు 45 సెకన్లు ముందుకు పోతోంది. సెకన్ల ముల్లు మాత్రం కరెక్ట్! వారం రోజులు బ్యాలెన్స్‌నే అనుమానించాను. హెయిర్ స్ప్రింగుకు అయస్కాంతం పట్టిందేమో అనుకున్నాను. అలా పడితే చుట్టలు ఒకదానికొకటి అంటుకుని వాచీ తొందరపడుతుంది. కానీ అప్పుడు సెకన్ల ముల్లు కూడా పరుగెత్తాలి కదా! ఆ మాట తట్టడానికే అన్ని రోజులు పట్టింది. చివరికి భూతద్దం పెట్టి పళ్ళు లెక్కపెడితే 79. ఎందుకు తగ్గిందో పట్టీ చూస్తూ మీరే ఆలోచించండి.

విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. కొంకిని తీసే ముందు మెయిన్ స్ప్రింగు బిగువు నెమ్మదిగా వదిలించాలి. మరిచిపోతే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్ళో ఇరుసులో విరగ్గొట్టుకుంటాయి.

కొత్త చక్రం కోశాను, 80 ఉన్నాయి, రెండుసార్లు లెక్కపెట్టాను. ఇప్పుడు వాచీ రోజుకు అరనిమిషం వెనకబడుతోంది, దాన్ని సర్దుతున్నాను. పాత చక్రమూ ఆ కాగితం పట్టీ అగ్గిపెట్టెలో ఉన్నాయి. సెలవులకు వచ్చినప్పుడు భూతద్దం మీ చేతికే ఇస్తాను.

మీ తాతయ్య