పండుగప్పలో ఆడదేది, మగదేది?

బజారులో బొచ్చెనో శీలావతినో చేతిలోకి తీసుకుని, పొట్ట చూసి "జన (గుడ్లు) ఉందా?" అని అడిగేవాళ్ళుంటారు. పండుగప్ప దగ్గర ఆ ప్రశ్న దండగ. బజారుకొచ్చే కిలో, రెండు కిలోల పండుగప్ప పుట్టుకతోనే ఆడదయ్యే ఏ ఒకటో అరో తప్ప మగదే. లేదంటే ఇంకా ఈడుకు రాని పిల్ల.

ఎందుకంటే ఈ చేప మగదిగా మొదలై, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. మూడు నాలుగేళ్ళకు మగదిగా ఈడుకొస్తుంది. కొన్ని సీజన్లు అలా గడిపాక, సుమారు ఆరేడేళ్ళ వయసులో వృషణాల కణజాలం కుంచించుకుపోయి అదే చోట అండాశయం పెరుగుతుంది. మేత దండిగా దొరికే పెంపకంలో ఈ మార్పు ఇంకా ముందే రావచ్చు.

లెక్క చూస్తే ఇందులో వింతేమీ లేదు. వీర్యానికి ఒళ్ళు పెద్దదిగా ఉండాల్సిన పని లేదు, చిన్న చేపకూ సరిపడా ఉంటుంది. గుడ్లకు మాత్రం పొట్టలో చోటు కావాలి. ఎదిగిన ఆడ పండుగప్ప ఒక్క సీజన్‌లో పెట్టే గుడ్లు లక్షల్లో ఉంటాయి. అందుకే చిన్నప్పుడు తండ్రి, పెద్దయ్యాక తల్లి.

మరి పైకి చూసి పోల్చుకోవడం ఎలా? బొచ్చె, శీలావతుల్లో అది తేలిక. సీజన్‌లో మొప్పల వెనక రెక్కను వేలితో రాస్తే మగదానికి గరుగ్గా, ఆడదానికి నున్నగా తగులుతుంది. పండుగప్పకు అంత కచ్చితమైన గుర్తు లేదు. మగదాని మూతి కాస్త వంపు తిరిగి ఉంటుందని, ఒళ్ళు సన్నగా ఉంటుందని, ఆడదాని మూతి తిన్నగా ఉంటుందని చెబుతారు. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా కనబడొచ్చేమో గానీ, ఒక్కదాన్నే చేతికిచ్చి చెప్పమంటే నాకైతే ధైర్యం చాలదు.

చేపపిల్లల్ని పుట్టించే హేచరీల్లో మూతిని నమ్ముకోరు. చేపను మత్తుమందు కలిపిన నీళ్ళలో ఉంచి, అది నెమ్మదించాక పొట్టను వెనక్కి సున్నితంగా నిమురుతారు. పాలలాంటి తెల్లటి మిల్టు, అంటే వీర్యం, కారితే మగది. కారకపోతే జననరంధ్రంలోకి సన్నటి మెత్తని ప్లాస్టిక్ గొట్టం కొద్దిగా పోనిచ్చి, రెండో కొసను నోటితో పీలుస్తారు. ఆడదైతే గొట్టంలోకి సగ్గుబియ్యం నూకలాంటి గుడ్లు వస్తాయి. వాటిని మైక్రోస్కోపు కింద కొలిచి, అడ్డంగా 0.4 మిల్లీమీటర్లు దాటాయంటే గుడ్లు పెట్టించే హార్మోను ఇంజెక్షనుకు చేప సిద్ధమన్నట్టు. చెన్నైలోని ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ సీబా 1997లో మన దేశంలో తొలిసారి పండుగప్ప పిల్లల్ని హేచరీలో పుట్టించింది.

తల్లి చేపలకు గుర్తింపు చిప్ పెట్టి, ఏ నంబరు చేప ఏ లింగమో రాసుకుంటారు. అలాగని పోయినేడాది రాసుకున్నదాన్ని నమ్ముకుని కూర్చోలేరు. నిరుడు మగదని రాసిన నంబరుకు ఈ ఏడు ఆడదని దిద్దాల్సి రావచ్చు.

ఇదే చేపను ఆస్ట్రేలియాలో బర్రముండి అంటారు. అక్కడి క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల కంటే చిన్నదాన్ని పట్టకూడదు, అది ఎక్కడైనా ఉండే నియమమే. 120 సెంటీమీటర్లు దాటినదాన్నీ పట్టకూడదు. అంత పొడవున్నది దాదాపు ఎప్పుడూ ఆడదే అయి ఉంటుంది.