మొలలు: అపోహలు - వాస్తవాలు

మొలలని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ముందు చెప్పేది "గ్యాస్ ట్రబుల్ సార్" అనే. అసలు మాట బయటికి రావడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

అపోహ: కోడికూర తిని వేడి చేస్తే మొలలు వస్తాయి.

మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తటి దిండ్లలాంటివి అందరికీ పుట్టుకతోనే ఉంటాయి. గ్యాస్, మలం మనకు తెలియకుండా జారిపోకుండా అవి సాయపడతాయి. మలం గట్టిపడి రోజూ ముక్కుతున్నా, ఫోన్ పట్టుకుని లెట్రిన్‌లో అరగంట కూర్చున్నా అవి ఉబ్బి కిందికి జారతాయి. వాటినే మొలలంటాం. గర్భిణులకు మలబద్ధకంతో పాటు కడుపు బరువు కూడా తోడవుతుంది. ఇక కోడి సంగతి. మాంసంలో పీచు అస్సలు ఉండదు. ఆదివారమంతా కోడికూరే తిని ఆకుకూర ముట్టకపోతే సోమవారం ముక్కక తప్పదు. నింద మాత్రం వేడి మీద!

అపోహ: మొలలంటే భరించలేని నొప్పి.

లోపలి మొలలు సాధారణంగా నొప్పి పెట్టవు. విరేచనమప్పుడు ఎర్రటి రక్తం చుక్కలుగా పడుతుంది, అంతే. గాజుపెంకుతో కోసినట్టుండి, తర్వాత కూడా గంటలసేపు మంట పెడితే అది ఎక్కువగా ఫిషర్, అంటే చర్మం చీలడం. పక్కన చిన్న రంధ్రంలోంచి చీము కారితే భగందరం కావచ్చు. ఉన్నట్టుండి నీలంగా గట్టి గడ్డ లేచి నొప్పి పెడితే బయటి మొలలో రక్తం గడ్డకట్టినట్టు. అందరూ "పైల్స్" అనే వస్తారు. మందుల షాపులో అందరికీ ఒకే ట్యూబు ఇస్తారు.

అపోహ: రక్తం పడిందంటే మొలలే.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. యాభై దాటిన ఒకాయన నెలల తరబడి పసరు మందు తాగి, ఒళ్లు తగ్గిపోయాక వచ్చారు. వేలితో పరీక్ష చేయగానే గడ్డ తగిలింది. పురీషనాళం, అంటే పెద్దపేగు చివరి భాగం, అక్కడ క్యాన్సర్. ఆ పరీక్షకు పట్టేది ఒక్క నిమిషం. నలభై ఐదు దాటినా, బరువు తగ్గుతున్నా, విరేచనం తీరు మారినా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా కొలనోస్కోపీ, అంటే పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష, దాని గురించి అడగండి.

అపోహ: ఆపరేషన్ తప్పదు, చేసినా మళ్లీ వస్తాయి.

ఎంత కిందికి జారాయన్నదాన్ని బట్టి మొలలకు నాలుగు దశలు. మొదటి దశలో చాలామందికి తిండి మార్పుతోనే తగ్గుతుంది. తగ్గకపోతే, రెండో దశలోనూ, మూడో దశలో కొందరికీ, మొల మొదలు దగ్గర చిన్న రబ్బరు బ్యాండు వేస్తాం. వారం పది రోజుల్లో అది ఎండి రాలిపోతుంది. నాలుగో దశకు వచ్చాకే ఎక్కువగా కత్తి పట్టాల్సి వస్తుంది. గోడల మీద రాసే "లేజర్" కూడా అందరికీ పనికొచ్చేది కాదు. ఏ పద్ధతిలో తీయించుకున్నా ముక్కడం మానకపోతే మళ్లీ రావచ్చు.

రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. జొన్నరొట్టె, రాగిసంగటి, గోరుచిక్కుడు, తోటకూర, జామకాయ మన ఇళ్లలో ఉన్నవే. ఇసబ్‌గోల్ వాడేవాళ్లు మాత్రం గుక్కెడు నీళ్లతో సరిపెట్టకండి. గ్లాసు నిండా తాగకపోతే అదే పేగులో ముద్దకట్టి కూర్చుంటుంది.