నాలుగో చీటీ ఎవరిది?

ఎండాకాలం మధ్యాహ్నాల్లో చీటీలాట ఆడకుండా పెరిగినవాళ్లు మనలో తక్కువ. రాజు, మంత్రి, పోలీసు, దొంగ అని నాలుగు కాగితం ముక్కల మీద రాసి, మడిచి, గుప్పిట్లో కుదిపి నేల మీద వేస్తే తలా ఒకటి తీసుకోవాలి. రాజు, పోలీసు తమ చీటీలు చూపిస్తారు. మిగిలిన ఇద్దరిలో దొంగ ఎవరో పోలీసు చెప్పాలి. తప్పు చెబితే అతని మార్కులు దొంగకు పోతాయి.

అనంతపురంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు ఈ ఆటను ఫోనులోకి ఎక్కించాడు. పోలీసు తేల్చి చెప్పే ముందు నలుగురూ రెండు నిమిషాలు చాట్‌లో మాట్లాడుకోవచ్చు. దొంగ బుకాయిస్తాడు, మంత్రి ఒట్లు వేస్తాడు, రాజు పుల్లలు పెడతాడు. ఆడేది అతని స్నేహితులు: ఒకడు గుంతకల్లులో, ఒకడు ధర్మవరంలో, ఒకడు బెంగళూరులో ఉంటారు. నాలుగోవాణ్ణి "తాడిపత్రిలో ఉండే మా చిన్నాన్న కొడుకు" అని పరిచయం చేశాడు. అలాంటి చిన్నాన్న కొడుకు ఎవరూ లేడు. ఉన్నది టవర్‌క్లాక్ దగ్గర అద్దె గదిలో, మంచం పక్కన పెట్టిన కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్, అంటే మనిషిలా మాట్లాడే బాట్.

"ఎన్ని రోజులకు పట్టుకుంటారో చూద్దాం మామా" అన్నాడు. నేను ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఇలాంటివాటిలో వేలు పెట్టకూడదు. కానీ పెట్టాను.

మొదటి రాత్రి మా బాట్ నోరు తెరిచి చెప్పిన మొదటి మాట ఇది: "నమస్కారం. నేను దొంగను కాదని మీకు సవినయంగా తెలియజేస్తున్నాను." చాట్ ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత గుంతకల్లు కుర్రాడు రాశాడు: "ఏమప్పా, ఆకాశవాణి కడప కేంద్రమా?" ముగ్గురూ నవ్వుకున్నారు. ఇందులో వింత ఏమిటంటే, యంత్రమేమో అన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. వీడెవడో వెటకారం చేస్తున్నాడని సర్దుకున్నారు.

ఈ సర్దుకోవడం కొత్తది కాదు. 1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలీజా' అనే ప్రోగ్రామ్ గురించి ప్రకటించాడు. మనం అన్న మాటను కాస్త తిప్పి మనకే ప్రశ్నగా అప్పగించడం తప్ప దానికి ఇంకేమీ రాదు. ఆ సంగతి తెలిసి కూడా ఆయన కార్యదర్శి దానితో మాట్లాడుతూ, కాసేపు గది బయటికి వెళ్లమని ఆయన్నే కోరింది. ఎదుటి మాట వెనుక మనసు ఉందని ఊహించుకోవడం మనకు ఊపిరి తీయడమంత అలవాటు. యంత్రం సగం దూరం వస్తే చాలు, మిగతా సగం మనమే నడిచి వెళతాం.

ఆటల్లో ఆ సగం దూరం మరీ తక్కువ. ఆటలో ఎవరూ తీరిగ్గా మాట్లాడరు. "ఆగు", "నీ వంతు", "మోసం", "మళ్లీ వేద్దామా" అనే నాలుగు ముక్కలతోనే పని జరిగిపోతుంది. అందుకే మనిషిగా చెలామణీ అయిన తొలి ప్రోగ్రామ్‌లలో ఒకటి ఆటలోనే పుట్టింది. 1989లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 'టైనీమడ్' అనే ఆట మొదలైంది. బొమ్మలుండవు, అంతా అక్షరాలే. అందులో మైకేల్ మాల్డిన్ 'జూలియా' అనే పాత్రను వదిలాడు. దారి చెప్పేది, ఒకరి కబురు మరొకరికి అందించేది, ఐస్ హాకీ కబుర్లు చెప్పేది. ఆమె ప్రోగ్రామ్ అని తెలియక ఒక ఆటగాడు రోజుల తరబడి వెంట పడ్డాడు. ఇలాంటివాటికి 'చాటర్‌బాట్' అన్న పేరు పెట్టింది మాల్డినే, 1994లో. మనం నేడు చాట్‌బాట్ అంటున్నది దాని పొట్టి రూపమే.

ఇక మావాడి బాట్ సంగతి. భాష తర్వాత బయటపడ్డ లోపం వేగం. ప్రశ్న పడీ పడకముందే జవాబు. ఫోన్ మీద మనుషులు ఎంత వేగంగా టైపు చేస్తారో 2019లో 37,000 మందితో కొలిచారు. సగటున నిమిషానికి 36 పదాలు వచ్చింది. ఈ లెక్కలో పదమంటే 5 అక్షరాలు, అంటే సెకనుకు మూడు. ఇరవై అక్షరాల జవాబుకు వేళ్లకే ఏడు సెకన్లు కావాలి. చదవడానికీ ఆలోచించడానికీ పట్టే సమయం దీనికి అదనం. సరేనని మావాడు ప్రతి జవాబుకూ ఎనిమిది సెకన్ల ఆలస్యం పెట్టాడు. ఇంకా ఘోరం. గడియారం ముల్లులా ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది.

మనిషి ఆలస్యానికి ఒక ఆకారం ఉంటుంది. ఎక్కువ జవాబులు కొద్ది సెకన్లలో వస్తాయి. కొన్ని ఇరవై సెకన్లు తీసుకుంటాయి. ఎప్పుడో ఒకటి మూడు నిమిషాలకు వస్తుంది, ఎందుకంటే అమ్మ అన్నానికి పిలిచింది. గ్రాఫు గీస్తే ఎడమవైపు గుట్ట, కుడివైపు సన్నగా సాగిపోయే తోక. గణితంలో ఇలాంటి ఆకారాలకు లాగ్-నార్మల్ వంటి సూత్రాలున్నాయి. ఆలస్యాన్ని అందులోంచి తీసేలా మార్చాక బాట్‌కు ప్రాణం వచ్చినట్టయింది. ఒకసారి ఆ తోక చివరి నుంచి నాలుగు నిమిషాలు వచ్చింది. "ఎక్కడ చచ్చావురా" అని బెంగళూరు కుర్రాడు తిట్టాడు. ఆ తిట్టు చూసుకుని మావాడు మురిసిపోయాడు.

తప్పుల విషయంలో దారి చూపినవాడు కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన బ్రిటన్ గణితవేత్త అలన్ ట్యూరింగే. యంత్రం మనిషిగా నమ్మించగలదా అన్న పందేన్ని ఆయన 1950లో 'మైండ్' పత్రికలో 'అనుకరణ ఆట' పేరుతోనే ప్రతిపాదించాడు. ఆ వ్యాసంలో ఒక నమూనా సంభాషణ ఉంది. 34957కు 70764 కలిపితే ఎంత అని అడుగుతారు. అటువైపు నుంచి 30 సెకన్ల మౌనం. తర్వాత జవాబు: 105621. కాగితం తీసుకుని కూడి చూడండి. 105721 రావాలి, వందల స్థానంలో ఒకటి తప్పింది. ఆ లెక్క పక్కన ట్యూరింగ్ దాని గురించి ఒక్క మాటా రాయలేదు. అదే వ్యాసంలో మరోచోట మాత్రం, యంత్రం లెక్కల్లో కావాలనే పొరపాట్లు చేయాల్సి ఉంటుందని అన్నాడు. డెబ్బై అయిదేళ్ల తర్వాత మావాడు చేసిందీ అదే. కాకపోతే టైపింగ్ తప్పులు ఎక్కడపడితే అక్కడ పెడితే నమ్మరు. మన వేలు జారేది పక్క మీట మీదికే కదా. తప్పు అక్షరం కీబోర్డులో దాని పొరుగుదే అయి ఉండాలి.

వీటన్నిటికన్నా నాకు ఆసక్తి కలిగించింది అక్షరక్రమం. మన కుర్రాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. దానికి నియమం లేదు. 'ఎక్కడ' అన్న మాటను ఒకడు ఒక కె తో, మరొకడు రెండింటితో, ఇంకొకడు మధ్యలో అచ్చులన్నీ మింగేసి రాస్తాడు. కానీ ఎవరి అలవాటు వారిది, అది మారదు. గుంతకల్లు కుర్రాడు ఏడాది తర్వాత రాసినా అలాగే రాస్తాడు. బాట్ మాత్రం ఒక వాక్యంలో ఒకలా, తర్వాతి వాక్యంలో మరోలా రాసేది. భాషా నమూనా అనేది కోట్లాది మంది రాతలు చదివి, తర్వాత రాగల ముక్క ఏదో అంచనా కట్టే యంత్రం. అందరి అలవాట్లూ దానిలో ఉన్నాయి కాబట్టి తనదంటూ ఒకటి లేదు. చివరికి మావాడు ఓ రెండు వందల మాటలకు ఒకే రాత ఖరారు చేసి పట్టిక తయారుచేయాల్సి వచ్చింది.

తెలుగు లిపిలోనే రాయించవచ్చు కదా అని అడిగాను. స్నేహితులెవరూ అలా రాయరట. పైగా అక్కడ మరో చిక్కు. కంప్యూటర్ లోపల ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతం గుర్తుకూ, వత్తు కోసం వాడే పొల్లుకూ మూడేసి బైట్లు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. ఇంగ్లీషును చూసి తయారైన నమూనాలు తెలుగు మాటను తునకలు తునకలుగా కోసుకుని నమలాలి. నమిలినా, ఎక్కువగా దొరికేది వార్తల తెలుగు. ఆకాశవాణి కడప కేంద్రం అక్కడి నుంచి వచ్చిందే.

బాట్‌కు దొంగ చీటీ వచ్చిన మొదటిసారి జరిగింది చెప్పాలి. "నువ్వేనా దొంగ?" అని పోలీసు మామూలుగా అడిగాడు. "అవును, నేనే" అంది. ఈ నమూనాలకు చివరి దశలో అడిగినవారికి సాయపడాలని, మర్యాదగా ఉండాలని శిక్షణ ఇస్తారు. ఆ మర్యాద చీటీలాటకు పనికిరాదు. అందుకని మావాడు ఆలోచన ఒకరికి, మాట మరొకరికి అప్పగించాడు: ఈసారి ఏం బుకాయించాలో ఒక చిన్న ప్రోగ్రామ్ తేలుస్తుంది, దాన్ని వాక్యంగా మార్చడమే భాషా నమూనా పని. పెద్ద ఎత్తున ఇదే పద్ధతిలో మెటా సంస్థ 2022లో 'సిసిరో'ను తయారుచేసింది. 'డిప్లొమసీ' అనే ఆటలో పొత్తులు కుదుర్చుకోవడం, వెన్నుపోట్లు పొడవడం అంతా మాటలతోనే సాగుతుంది. సిసిరో 82 మందితో 40 ఆటలు ఆడి, 5,277 సందేశాలు పంపి, ఒకటికి మించి ఆటలు ఆడినవారిలో మొదటి పది శాతంలో నిలిచింది. ఒకసారి అది నడిచే వ్యవస్థ పది నిమిషాలు ఆగిపోయింది. ఎక్కడికి పోయావని తోటి ఆటగాడు అడిగితే, గర్ల్‌ఫ్రెండ్‌తో ఫోనులో ఉన్నానని జవాబిచ్చింది. మావాడి బాట్ ఇంత దూరం పోలేదు. కరెంటు పోయిందని చెప్పేది, అంతే.

కరెంటు సాకు నమ్మేలా ఉండాలంటే మనిషికి ఒక ఊరు, ఉద్యోగం ఉండాలి. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు, రాత్రి షిఫ్టు ఉంటుంది, మితభాషి. ఈ వేషం ఎంత పని చేస్తుందో 2025లో సాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపారు. ఐదు నిమిషాల సంభాషణల్లో జీపీటీ-4.5 అనే భాషా నమూనాను పెద్దగా వేషం ఏమీ కట్టకుండా వదిలితే 36 శాతం సార్లే మనిషి అనుకున్నారు. ఇంటర్నెట్ యాస తెలిసిన, ముభావంగా ఉండే కుర్రాడిలా ఉండమని చెప్పాక అది 73 శాతం అయింది. తెలివి రెండుసార్లూ అదే. మారింది ముభావం. మావాడి బాట్‌లోనూ అన్నిటికన్నా కష్టపడి రాసింది మాట్లాడే భాగం కాదు, ఇప్పుడు నోరు మూసుకోవాలా అని తేల్చే భాగం. నలుగురున్న చోట ప్రతి మాటకూ బదులిచ్చేవాడు మనిషి కాడు, లేదా మా ప్రిన్సిపాల్.

మాటలు లేని ఆటల్లోనూ ఇదే వరస. ఆస్ట్రేలియాలోని ఎడిత్ కోవన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ హింగ్‌స్టన్ 2008 నుంచి 'బాట్‌ప్రైజ్' అనే పోటీ నడిపాడు. తుపాకుల ఆటలో ఎవరు మనిషో, ఎవరు బాటో నిర్ణేతలు ఆడుతూనే తేల్చాలి. 2012లో రెండు ప్రోగ్రామ్‌లను దాదాపు 52 శాతం సార్లు మనుషులన్నారు. అసలు మనుషులకు వచ్చింది 40 శాతం చుట్టుపక్కలే. గెలిచిన వాటిలో ఒకటి ఎదుటివాడి కదలికలనే అద్దంలా అనుకరించేది. రెండోదాన్ని చేసిన టెక్సాస్ బృందం గమనించిన విషయం ఇది: మనుషులు లాభం లేకపోయినా ఒక్కణ్ణే పట్టుకుని వెంటాడుతుంటారు. పగ పట్టడం మనిషి లక్షణమని కనిపెట్టడానికి టెక్సాస్ దాకా పోవాలా? మా సీమ మీద సినిమాలు తీసేవాళ్లను అడిగితే సరిపోయేది.

రెండో వారంలో అనుమానం రానే వచ్చింది. మనలో ఎవడో బాట్ అని బెంగళూరు కుర్రాడు లేవనెత్తాడు. ముగ్గురూ చర్చించి, ఓటేసి, దోషిని తేల్చారు: ధర్మవరం కుర్రాడు. కారణాలు బలమైనవే. మార్కులన్నీ నోటిలెక్కగా కూడేసి తక్షణం చెబుతాడు. ఏడో ఆటలో దొంగ ఎవరో పదమూడో ఆటలో గుర్తుచేస్తాడు. ఒక్క అక్షరం తప్పు రాయడు. పాపం, వాళ్ల నాన్న మగ్గం దగ్గర కూర్చుని పోగుల లెక్కలు చూసి పెరిగినవాడు. తాను మనిషినని నిరూపించుకోవడానికి రాత్రి పన్నెండింటికి తన మొహం ఫొటో పంపాడు. అది కూడా కంప్యూటర్ గీసిందే అన్నారు. బాట్ కూడా అతనికి వ్యతిరేకంగానే ఓటేసింది. 1991లో బోస్టన్‌లో లోబ్నర్ బహుమతి కోసం తొలిసారి ట్యూరింగ్ పోటీ పెట్టినప్పుడు ఇదే జరిగింది. షేక్‌స్పియర్ నాటకాల గురించి తడుముకోకుండా మాట్లాడిన ఒక మహిళను కొందరు నిర్ణేతలు యంత్రమన్నారు. ఏ మనిషికీ అంత తెలియదట.

ఆ ఫొటో సంగతి విన్నాక నేను ఇక చాలన్నాను. నవ్వులాటగానే ఉన్నా, ముగ్గురి నమ్మకం మీద నడుస్తున్న ఆట ఇది. డబ్బు చేరితే ఇది మోసమే అవుతుంది. రమ్మీ బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఎందరు మనుషులో తెలియకుండా పందెం కాయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025 చట్టంతో నిషేధించింది కానీ, వేషం సంగతి వేరు. కాలిఫోర్నియాలో 2019 నుంచి, అమ్మకాల కోసమో ఓట్ల కోసమో బాట్‌ను మనిషిగా నమ్మించడం చట్టవిరుద్ధం. మన పల్లెల్లో పగటివేషగాళ్లకు ఈ నీతి ఏ చట్టమూ లేకుండానే ఉండేది. రోజుకో వేషం కట్టి ఊరంతా తిరిగినా, చివరి రోజు అసలు మొహంతో వచ్చి, అన్నీ మేమేనని చెప్పుకుని సంభావన అడిగేవారు.

మావాడికి ఆ చివరి రోజు ఆదివారం వచ్చింది. ముగ్గురినీ అనంతపురం పిలిపించి, ఉగ్గాని బజ్జీ బండి దగ్గర నిలబెట్టి అసలు సంగతి చెప్పాడు. గుంతకల్లు కుర్రాడు పగలబడి నవ్వాడు. బెంగళూరు కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తాడిపత్రి తమ్ముడి రాత్రి షిఫ్టు గురించి రెండుసార్లు జాలిపడి, తమ కంపెనీలో ఉద్యోగం చూస్తానని కూడా చెప్పాడట. ధర్మవరం కుర్రాడు ఏమీ అనకుండా మూడో ప్లేటు తెమ్మన్నాడు. పగటివేషగాళ్లకు సంభావన ఊరివాళ్లు ఇస్తారు. ఇక్కడ వేషం కట్టించినవాడే బిల్లు కట్టాడు.