వందే భారత్ లోపల: సీటు, భోజనం, తలుపుల గురించి కొన్ని అపోహలు

పగటిపూట నడిచే చైర్ కార్ రైళ్లలో భోజనం అందించే బృందాన్ని చూసుకోవడం నా పని. వందే భారత్ మొదటిసారి ఎక్కినవాళ్లు కాసేపు "అచ్చం విమానమే" అంటారు, ట్రే చేతికి రాగానే "ఇంత పెట్టి కొన్న టికెట్‌కు ఇదేనా" అంటారు. అసలు సంగతి ఏమిటంటే, ఈ రైలుకు విడిగా ఇంజిన్ లేదు, లోపల వంట లేదు, చాలా స్టేషన్లలో ఒకటి రెండు నిమిషాలకు మించి ఆగదు. మీకు నచ్చేవీ నచ్చనివీ చాలావరకు ఈ మూడింటి నుంచే పుడతాయి.

అపోహ: సీట్లు తిరగేసి బిగించారు. డబ్బు కట్టి వెనక్కి ప్రయాణించాలా?

వాస్తవం: రెండు కొసల్లోనూ లోకో పైలట్ గది ఉన్న రైలు ఇది. చైర్ కార్‌లో వరుసకు మూడు, రెండు చొప్పున 78 సీట్లు ఉంటాయి. సగం ఒక దిక్కుకు, సగం రెండో దిక్కుకు చూస్తాయి, మధ్యలో ఎదురెదురు సీట్ల నడుమ బల్ల. సికింద్రాబాద్–విశాఖ రైల్లో ఇంకో తమాషా ఉంది. కాజీపేట నుంచి వచ్చే దారి, విశాఖ వైపు వెళ్లే దారి రెండూ విజయవాడ స్టేషన్‌లోకి ఒకే వైపు నుంచి చేరతాయి. అందువల్ల అక్కడ రైలు దిశ మారుతుంది. మామూలు రైలుకు ఇంజిన్ విప్పి రెండో కొసకు తగిలించాలి. దీనికి ఆ అవసరం లేదు, లోకో పైలట్ ఈ కొస గది నుంచి ఆ కొస గదికి మారితే చాలు. వరంగల్, ఖమ్మం దాకా వెనక్కి ప్రయాణించినవాళ్లు విజయవాడ దాటాక ముందుకు చూస్తారు, అప్పటిదాకా ముందుకు చూసినవాళ్లు వెనక్కి. కాబట్టి "ముందుకు చూసే సీటు ఇప్పించండి" అని నన్ను అడిగితే, ఏ ఊరి దాకా అని నేను తిరిగి అడగాల్సి వస్తుంది. ఎగ్జిక్యూటివ్ తరగతిలో మాత్రం సీటును పూర్తిగా వెనక్కి తిప్పుకోవచ్చు. తిప్పే ముందు కాళ్ల దగ్గర బ్యాగులు తీయండి. విజయవాడలో మాకు అయ్యే ఆలస్యం సగం ఆ బ్యాగుల వల్లే.

అపోహ: సీటు గట్టిగా ఉందనేది అలవాటు లేనివాళ్ల ఫిర్యాదు.

ఇది ప్రయాణికుల అపోహ కాదు, మా వాళ్లది. 2019 ఫిబ్రవరి 15న ఢిల్లీ–వారణాసి మధ్య మొదటి రైలు మొదలైనప్పటి నుంచి సీటు మీద వచ్చినన్ని మాటలు మరి దేని మీదా రాలేదు. ఎనిమిది గంటలు కూర్చునే నడుముకు తెలుస్తుంది. 2023 సెప్టెంబరు 24న కాచిగూడ–యశ్వంత్‌పూర్, విజయవాడ–చెన్నైతో కలిపి తొమ్మిది రైళ్లు ఒకేసారి మొదలైనప్పుడు రైల్వే చెప్పిన మార్పులు చూడండి: సీటు వాలే కోణం 17.31 డిగ్రీల నుంచి 19.37కు పెరిగింది, మెత్తల గట్టిదనం సవరించారు, సీటు కింది చార్జింగ్ పాయింట్ సులువుగా చేతికి అందేలా చేశారు. నీళ్లు చిందకుండా చేతులు కడిగే బేసిన్ లోతు కూడా పెంచారు. ఫిర్యాదులు వృథాగా పోలేదన్నమాట. రెండు డిగ్రీలు పెద్ద తేడా ఏమీ కాదని నా అభిప్రాయం. మెత్త మార్చడమే అసలు మేలు.

అపోహ: ప్యాంట్రీలో వేడివేడిగా వండి వడ్డిస్తారు. చల్లారిందంటే సిబ్బంది బద్ధకం.

వాస్తవం: రైల్లో పొయ్యి లేదు. ప్రతి కోచ్‌లో ఉన్నది చిన్న ప్యాంట్రీ: ఆహారం వేడిగా ఉంచే హాట్ కేస్, నీళ్లు మరిగించే బాయిలర్, సీసాలు చల్లబరిచే పెట్టె. వంట బేస్ కిచెన్‌లో, అంటే రైలు బయట ఉండే వంటశాలలో జరుగుతుంది, మూతపెట్టిన డబ్బాలు స్టేషన్లో ఎక్కుతాయి. అంటే మీరు తినేది కొన్ని గంటల క్రితం వండి, అప్పటి నుంచి వేడిలోనే ఉన్న వంట. ఉప్మా, పొంగల్, పప్పు, కూరలు దీన్ని బాగానే తట్టుకుంటాయి. వడ తట్టుకోదు, తన ఆవిరికి తానే మెత్తబడుతుంది. మూతపెట్టిన రేకు డబ్బాలో చపాతీ తోలులా సాగుతుంది. ఇక్కడ తప్పు వంటవాడిది కాదు, వంటకాన్ని ఎంచుకున్నవాళ్లది. నన్ను అడిగితే ఈ రైళ్ల మెనూలో వడ అసలు ఉండకూడదు.

శాకాహారమో మాంసాహారమో బుకింగ్‌లోనే ఎందుకు అడుగుతారో కూడా ఇందులోనే ఉంది. వంటింటికి లెక్క ముందే వెళ్లిపోతుంది. రైలు కదిలాక "నాకు చికెన్ మార్చండి" అంటే, ఇంకొకరు తమది వదులుకుంటే తప్ప నా చేతిలో ఏమీ ఉండదు. వడ్డన ఆలస్యానికీ కారణం ఉంది. కోచ్‌కు 78 మంది, వడ్డించేది కొద్దిమంది, నడవా ఒక్కటే. స్టేషన్ దగ్గరపడితే బ్యాగులతో అందరూ నడవాలోకి వస్తారు, ట్రాలీ ఆగిపోతుంది. మీ వరుసకు ఆలస్యమైతే చాలాసార్లు కారణం ముందు వరుసలోనే నిలబడి ఉంటుంది.

అపోహ: టికెట్‌తో భోజనం తప్పనిసరి. వద్దనుకుని రైల్లో కొంటే పైన తీసుకునే 50 రూపాయలు సిబ్బంది జేబులోకే.

వాస్తవం: బుకింగ్‌లో భోజనం వద్దని ఎంచుకోవచ్చు, ఆ మేరకు చార్జీ తగ్గుతుంది. తర్వాత మనసు మారి రైల్లో టిఫినో భోజనమో కొంటే అదనంగా 50 రూపాయలు తీసుకోవాలన్నది రైల్వే నిబంధన. 2022 నుంచి టీ, కాఫీలకు అది లేదు. ఎవరైనా టీ మీద అడిగితే ఇవ్వకండి. దేనికైనా బిల్లు అడగండి, బిల్లు లేకపోతే డబ్బు కట్టనవసరం లేదు.

అపోహ: నీళ్ల సీసా సగానికి కోసేశారు.

వాస్తవం: 2024 నుంచి మొదట అర లీటరు సీసా ఇస్తున్నారు. అడిగితే ఇంకో అర లీటరు, డబ్బు లేకుండానే. గమ్యం చేరాక సీట్ల దగ్గర సగం తాగి వదిలేసిన లీటరు సీసాలు ఏరినవాళ్లెవరూ ఈ నిర్ణయాన్ని తప్పుపట్టరు.

అపోహ: టాయిలెట్‌లో నీళ్లు సరిగా రావు, అందుకే కంపు.

వాస్తవం: అది వాక్యూమ్ టాయిలెట్. నీళ్లతో తోసేయదు, గాలితో లాగేస్తుంది. ఆ చప్పుడు దానిదే. నీళ్లు తక్కువ పడటం లోపం కాదు, దాని పద్ధతే అంత. శానిటరీ ప్యాడో, డైపరో, ప్లాస్టిక్ కప్పో వేస్తే మాత్రం గొట్టం మూసుకుపోతుంది. నడుస్తున్న రైల్లో దాన్ని విప్పి బాగుచేయడం దాదాపు కుదరదు. ఇక చివరి స్టేషన్ దాకా ఆ తలుపుకు తాళమే.

అపోహ: సామాను లోపల పెట్టి దిగిపోవచ్చు, గార్డు చూసి తలుపు ఆపుతాడు.

వాస్తవం: తలుపులు ఆటోమేటిక్. మూతపడ్డాక మీ కోసం తెరుచుకోవు. విశాఖ రైలు 2023 జనవరి 15న మొదలైన రెండు రోజులకే రాజమండ్రిలో ఫొటో కోసం ఎక్కిన ఒకాయన విజయవాడ దాకా వెళ్లాల్సి వచ్చింది. అమ్మమ్మను సీట్లో కూర్చోబెట్టడానికి ఎక్కే మనవళ్లకు ఈ మాట నేను రోజూ చెబుతుంటాను. నిజంగా అత్యవసరమైతే కోచ్‌లో అలారం మీట ఉంది, లోకో పైలట్‌తో మాట్లాడే పరికరం ఉంది. దిగడం మరిచిపోవడం అత్యవసరం కిందికి రాదు.

అపోహ: ట్రే తెచ్చిన కుర్రాడికి చెబితే ఫిర్యాదు నమోదైనట్టే.

వాస్తవం: అతను వడ్డనకు వచ్చినవాడు. ఏసీ వేరేవాళ్ల పని, శుభ్రత మరొకరి పని. అతనికి చెప్పండి, దాంతో పాటు రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి లేదా రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో రాయండి. కోచ్ నంబరు, సీటు నంబరు, సమయం ఇవ్వండి. భోజనం గురించి అయితే తెరిచిన డబ్బా ఫొటో ఒక్కటే చాలదు. ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటే అది కూడా కనబడేలా తీయండి. ఏ వంటింటిదో, ఎప్పుడు ప్యాక్ చేశారో తేలేది దానితోనే.