ఒక ఎయిర్‌లైన్ ఇంకోదాన్ని కొంటే: పోటీ తగ్గి టికెట్ ధరలు పెరుగుతాయన్న భయం వెనుక కథ

1978 దాకా అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి ఏ సంస్థ విమానం నడపాలో, టికెట్ ఎంతకు అమ్మాలో సివిల్ ఏరోనాటిక్స్ బోర్డే తేల్చేది. ఆ ఏడాది అక్టోబరు 24న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ పట్టు సడలిపోయింది. అప్పట్లో ఆర్థికవేత్తలు గట్టిగా నమ్మిన వాదన ఒకటుంది: ఒక రూట్‌లో ఒకే సంస్థ ఉన్నా కంగారు అక్కర్లేదు. ధర పెంచితే పోటీ సంస్థ తన విమానాన్ని అటు తిప్పుతుంది. ఆ భయమే ధరలకు ముకుతాడు.

వినడానికి బాగానే ఉంది. 1986లో అసలు పరీక్ష ఎదురైంది. సెయింట్ లూయిస్‌ను హబ్‌గా, అంటే తన విమానాలు కలిసే ప్రధాన కేంద్రంగా చేసుకున్న టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్, అక్కడే హబ్ ఉన్న ఓజార్క్‌ను కొంటానంది. మినియాపొలిస్‌లో నార్త్‌వెస్ట్, రిపబ్లిక్‌లదీ అదే కథ. న్యాయ శాఖ రెండింటినీ వద్దంది. కానీ బోర్డు రద్దయ్యాక విలీనాలపై ఆఖరి మాట రవాణా శాఖది. అది రెండింటికీ సరేనంది. రెండు ఊళ్లలోనూ నాలుగింట మూడు వంతులకు పైగా ప్రయాణికులు ఒకే సంస్థ చేతికి చిక్కారు.

వస్తుందనుకున్న పోటీ అంత తేలిగ్గా రాలేదు. విమానాన్ని ఎటైనా తిప్పొచ్చు, విమానాశ్రయంలో ప్రయాణికులు ఎక్కే గేటును తిప్పలేం కదా! గేట్లు పాత సంస్థల దీర్ఘకాలిక లీజుల్లో ఉండేవి. తరచూ తిరిగేవాళ్లు మైలేజీ పాయింట్ల కోసం పెద్ద సంస్థనే అంటిపెట్టుకునేవారు. డీరెగ్యులేషన్‌ను, అంటే ఈ ప్రభుత్వ పట్టు సడలింపును ముందుండి నడిపించిన ఆల్ఫ్రెడ్ కాన్ కూడా విలీనాలకు ఇలా తలుపులు బార్లా తెరవడాన్ని తర్వాత తప్పుపట్టారు. 1989 నుంచి ఈ బాధ్యత న్యాయ శాఖకు మారింది.

గుత్తాధిపత్యాన్ని దేశం మొత్తం మీద వాటా చూసి అంచనా వేస్తే తప్పుదోవ పడతాం. ప్రయాణికుడికి కావాల్సింది తను వెళ్లే రూట్‌లో ఎన్ని సంస్థలు పోటీలో ఉన్నాయన్నదే. యూరప్‌లో పెద్ద విలీనాలను పరిశీలించే యూరోపియన్ కమిషన్ ఈ లెక్కనే పట్టుకుంది. 2006లో ఐర్లాండ్ చవక విమాన సంస్థ రయన్ఎయిర్ అదే దేశపు ఏర్ లింగస్‌ను కొనాలని కన్నేసింది. రెండింటికీ డబ్లిన్ పెద్ద స్థావరం. 2007లో కమిషన్ కాదంది. రయన్ఎయిర్ మళ్లీ వస్తే 2013లో మళ్లీ కాదంది. ఈసారి రెండూ ఢీకొనే రూట్లు 46, అందులో 28 చోట్ల మూడో సంస్థే లేదు. కొన్ని రూట్లు ఫ్లైబీకి అప్పగిస్తానని రయన్ఎయిర్ చెప్పినా, ఆ చిన్న సంస్థ దీటుగా పోటీ ఇవ్వగలదని కమిషన్ నమ్మలేదు. నా దృష్టిలో ఆ అనుమానం సబబే. కిక్కిరిసిన విమానాశ్రయాల్లో స్లాట్లు (విమానం దిగడానికి, ఎగరడానికి కేటాయించిన సమయాలు) వదులుకుంటామనే హామీ కాగితం మీద ఘనంగా ఉంటుంది, కానీ వాటిని తీసుకుని నష్టాలు భరిస్తూ నిలబడే సంస్థ కూడా ఉండాలి. కొరియన్ ఎయిర్, ఏషియానా కేసులో కమిషన్ ఇంకాస్త పట్టుబట్టింది. పారిస్, రోమ్, బార్సిలోనా, ఫ్రాంక్‌ఫర్ట్ రూట్లను టీవే అనే మరో కొరియా సంస్థకు అప్పగించాలని షరతు పెట్టింది. 2024 డిసెంబరులో గానీ ఆ డీల్ పూర్తికాలేదు.

అసలు చిక్కు అమ్ముడుపోయే సంస్థ మునిగిపోతున్నప్పుడు వస్తుంది. గ్రీస్‌లో ఏజియన్, ఒలింపిక్ కలిస్తే దేశీయ మార్కెట్‌లో 90 శాతానికి పైగా ఒకరి చేతికే పోతుందని కమిషన్ 2011 జనవరిలో అడ్డుకుంది. 2013 అక్టోబరులో అదే కమిషన్ ఒప్పుకుంది. గ్రీస్ సంక్షోభంలో ఒలింపిక్ ఎలాగూ మూతపడేలా ఉంది, అలాంటప్పుడు విలీనం వల్ల పోయే పోటీ ఏముందన్నది వాదన.

అమెరికాలో జెట్‌బ్లూ 380 కోట్ల డాలర్లకు స్పిరిట్‌ను కొనబోతే, 2024 జనవరిలో కోర్టు ఆపేసింది. చవక టికెట్లపై ఆధారపడిన ప్రయాణికులు నష్టపోతారని జడ్జి తేల్చారు. అదే ఏడాది నవంబరులో స్పిరిట్ దివాలా రక్షణ కోరింది, 2025 ఆగస్టులో మరోసారి కోరింది. కోర్టే దాన్ని ముంచిందని కొందరు ఇప్పటికీ అంటారు. కానీ స్పిరిట్ తీర్పుకు ముందు నుంచే నష్టాల్లో ఉంది, ఇంజన్ల సమస్యతో దాని విమానాలు కొన్ని నేలకే పరిమితమయ్యాయి. పైగా స్పిరిట్ విమానాల్లో సీట్లు తగ్గించి తన పద్ధతిలోకి మార్చుకోవాలన్నది జెట్‌బ్లూ ప్లాన్. అంటే డీల్ కుదిరినా ఆ చవక సీట్లు మిగిలేవి కావు.