చదివిపెట్టే పిల్లలకు

పర్లాకిమిడి

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

నా చిన్నతనంలో మన వీధిలో ఎవరికి పోస్టుకార్డు వచ్చినా "బాబూ, కాస్త చదివిపెట్టు" అని మమ్మల్నే పిలిచేవారు. మా మామ్మ అయితే ముందు ముద్ర చూడమనేది. ఏ ఊరినుంచి వచ్చిందో చెప్పాకే సంగతి వినేది. ఇప్పుడా పని మీ చేతికొచ్చింది. ఇంట్లో మామ్మకు తెలుగొక్కటే వచ్చు, బడిలో మీకు ఒడియా, ఫోనుకొచ్చే కబురు చూస్తే ఇంగ్లీషు, కాకుంటే హిందీ. అందుకే డబ్బు కాజేసే దొంగ కబుర్ల గురించి ఈ ఉత్తరం పెద్దవాళ్ళకు కాకుండా మీకు రాస్తున్నాను.

మొన్న పక్కింటి పెద్దమ్మ "సుభద్ర డబ్బులొచ్చాయట, నొక్కిపెట్టరా బాబూ" అని మనవడికి ఫోనిచ్చింది. సుభద్ర అంటే ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకు విడతలుగా ఇచ్చే డబ్బు. నేను అరుగు మీదే ఉన్నాను. 5,000 రూపాయల విడత ఆగిపోయిందనీ, ఈరోజే కేవైసీ (ఖాతాదారు వివరాల తనిఖీ) చెయ్యకపోతే పోతుందనీ రాసి, కింద నీలం లింకు పెట్టారు. వాడి బొటనవేలు అప్పటికే లింకు దగ్గరుంది. ఆగమని, పైన ఎవరు పంపారో చదవమన్నాను. పది అంకెల మామూలు సెల్ నంబరు! బ్యాంకు ఎస్సెమ్మెస్‌లు అలాంటి నంబరునుంచి రావు. నంబరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాల పొట్టి పేరుంటుంది. ప్రభుత్వం పంపినదైతే ఆ పేరు చివర గీత పెట్టి 'జి' అని ఉంటుంది. పైగా సుభద్ర డబ్బు ఆధార్‌తో ముడిపడిన ఖాతాలో నేరుగా పడుతుంది. దానికి ఎవరూ లింకు నొక్కక్కర్లేదు.

నొక్కితే ఏమయ్యేదని వాడడిగాడు. అచ్చం బ్యాంకుదిలా కనిపించే పేజీ తెరుచుకుని కార్డు నంబరూ పిన్నూ అడిగేది. లేదంటే ఏపీకే ఫైలు, అంటే ఫోనులో కొత్త యాప్ పెట్టే ఫైలు, దిగేది. పెళ్లి శుభలేఖ అనీ, బండి చలానా అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలూ ఈ బాపతువే. ఒకసారి ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే, మనకొచ్చే ఓటీపీలు మనకంటే ముందు వాళ్ళు చదువుతారు.

పిన్ సంగతి మామ్మకు ఎన్నిసార్లయినా విసుక్కోకుండా చెప్పండి. 2016లో యూపీఐ వచ్చింది మొదలు ఇప్పటిదాకా డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు. క్యూఆర్ స్కాన్ చెయ్యడమూ అక్కర్లేదు. నిల్వ చూసుకోవడానికి యాప్ పిన్ అడుగుతుంది గానీ, అది మనంతట మనం తెరిచినప్పుడు. "డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అని ఎవరైనా అన్నారంటే వాళ్ళు తీసుకోవడానికే వచ్చారు.

ఇదంతా నాకు ముందే తెలుసునని అనుకోకండి. పోయిన ఏడాది ఒకతను ఏడుస్తూ ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో ఉన్న వాళ్ళమ్మకు పంపబోయి నాకు 4,000 పంపేశాడట. ఆ మాటల్లోనే "4,000 జమ అయింది" అని ఎస్సెమ్మెస్ వచ్చింది. పాపం అనిపించి వెంటనే తిరిగి పంపేశాను. సాయంత్రం ఖాతా తెరిచి చూస్తే అసలు జమే లేదు. ఆ ఎస్సెమ్మెస్ కూడా అతను పంపిందే. సిగ్గుతో రెండు రోజులు ఇంట్లో చెప్పలేదు. ఆ రెండు రోజులే నన్ను ముంచాయి. డబ్బు ఒక ఖాతానుంచి ఇంకో ఖాతాకు గంటల్లో మారిపోతుంది. మారకముందే చెబితే బ్యాంకులు దాన్ని ఆపగలిగే వీలుంది.

కాబట్టి ఎవరికి అలా జరిగినా మొదటి గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. తర్వాత బ్యాంకుకూ చెప్పండి. ఎంత పోయింది, ఏ సమయానికి, యాప్‌లో కనిపించే 12 అంకెల లావాదేవీ సంఖ్య ఎంత, ఇవి కాగితం మీద రాసి పెట్టుకోండి. మామ్మ మాట్లాడలేకపోతే పక్కన కూర్చుని మీరు మాట్లాడండి. దయచేసి ఆమెను మాత్రం తిట్టకండి. తిడతారన్న భయమే నా నోరు నొక్కేసింది.

డబ్బు పోకుండా బయటపడితే ఆ నంబరు సంగతి కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో, ఇలాంటి ఫిర్యాదులకే పెట్టిన 'చక్షు'లో రాయవచ్చు. పెద్దమ్మ మనవడు ఆ పని అరుగు మీదే చేసేశాడు. పెద్దమ్మకు మాత్రం ఇంకా మనసొప్పడం లేదు. "మరి నా విడత వచ్చిందో లేదో?" అని అడుగుతూనే ఉంది. రేపు పొద్దున్న పాసుపుస్తకం పట్టుకుని ఇద్దరూ బ్యాంకుకు వెళ్తున్నారు.

మీ తాతయ్య