తుమ్మితేనే బయలుదేరే కుక్కలు

గడప దాటబోతుండగా ఎవరైనా తుమ్మితే మన ఇళ్లలో కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి గానీ కదలరు. ఆఫ్రికాలోని బోట్స్‌వానా దేశపు అడవి కుక్కలది ఇందుకు సరిగ్గా ఎదురు. తగినన్ని తుమ్ములు పడితేనే అవి వేటకు బయలుదేరతాయి.

ఈ సంగతి తెలిసింది అక్కడి ఒకవాంగో నది డెల్టాలోని మొరేమి అభయారణ్యంలో. ఈ కుక్కలు పగలంతా నీడలో పడి నిద్రపోతాయి. ఎక్కువగా కదిలేది తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగుంకే వేళ. ఊళ్లో పడుకుని పొద్దెక్కాక జీపులో వచ్చేవాళ్లకు చూడటానికి ఏమీ మిగలదు. అందుకే ఇలాంటి పరిశోధన చేసేవాళ్లు అడవిలోనే గుడారాలు వేసుకుని ఉంటారు.

రాత్రి ఏనుగులు ఆ గుడారాల పక్కనుంచే నడిచిపోతాయి. వాటి అరికాళ్లలో మెత్తటి కొవ్వు దిండు ఉంటుంది కాబట్టి అడుగుల చప్పుడు దాదాపు వినపడదు. కొమ్మ విరిగితేనో, కడుపు గుడగుడలాడితేనో తెలియాలి. జిప్పు పూర్తిగా వేసే పడుకోవాలి, లోపల పండు ముక్క కూడా ఉంచకూడదు. బూట్లు బయట వదిలితే హైనాలు ఎత్తుకుపోతాయి. లోపల పెట్టుకున్నా, తేళ్లుంటాయేమోనని దులిపే తొడుక్కోవాలి.

చీకటి ఉండగానే పని మొదలు. ఒక కుక్క మెడకు రేడియో కాలర్ ఉంటుంది. యాంటెన్నా తిప్పుతూ, బీప్ ఏ దిక్కున గట్టిగా వినిపిస్తే అటు పోవాలి. దగ్గరకెళ్లి ఇంజను ఆపాక ఇక ఎదురుచూడటమే. ఒక కుక్క లేస్తుంది. తల వంచి, చెవులు వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి మిగతావాటి దగ్గరకు పోతుంది. తోకలూపుకుంటూ అన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ సందడి మధ్యలోనే ముక్కుల్లోంచి విసురుగా గాలి వదులుతాయి. అవే తుమ్ములు.

2014-15లో ఐదు గుంపుల్లో ఇలాంటి 68 సందళ్లను పరిశోధకులు లెక్కగట్టారు. తుమ్ములు పెరిగేకొద్దీ గుంపు కదిలే అవకాశం పెరిగింది. గుంపుకు పెద్దలైన జంట మొదలుపెడితే మూడు తుమ్ములు చాలు, గుంపులో కింది స్థాయివి మొదలుపెడితే పది దాకా కావాలి. కావాలనే తుమ్ముతున్నాయా, ముక్కు శుభ్రం చేసుకోవడమే సైగగా మారిందా అన్నది ఇంకా తేలలేదు. నాకు మాత్రం ఇందులో గొప్పగా అనిపించేది కింది స్థాయి వాటి మాటా చెల్లడమే.

ఆఫ్రికా మొత్తం మీద ఈ కుక్కలు సుమారు 6,600 మాత్రమే మిగిలాయని అంచనా. ఏ రెండింటి ఒంటి మచ్చలూ ఒకేలా ఉండవు. ఫోటోల్లో ఆ మచ్చలు పోల్చి చూసుకుని, ఏది ఏ కుక్కో, ఏ గుంపులో ఎన్ని మిగిలాయో ఒక్కొక్కటిగా రాసుకుంటారు.